నిఘంటువు కింది ఫైలు

ఫిబ్రవరి 9

చిన్నోడికి,

అక్క ఆశీస్సులు. నీ ఉత్తరం ఎప్పుడో అందింది. జవాబు రాయకపోవడానికి కారణం బద్ధకం. దానికి వేరే పేరు పెట్టను.

డిపోలో నా విచారణ కిటికీకి కొత్త మైకు పెట్టారు. మొన్న ఆపడం మర్చిపోయి, పక్క సీటావిడతో మా కంట్రోలరు కొత్తగా వేసుకున్న జుట్టు రంగు గురించి మాట్లాడాను. బస్సుల కోసం నిలబడ్డవాళ్లంతా ఒక్కసారిగా ఆయన తలకేసి చూశారు. అప్పటినుంచి ఆయన నాతో మాట్లాడటం లేదు, ఏదైనా కావాలంటే చీటీ రాసి పంపిస్తున్నాడు.

నిన్న గుండుగాడిని చూసొచ్చాను. వాడికి నేను ముచ్చటపడి మంచి పేరు పెట్టుకుంటే, నువ్వు కత్తెర పట్టడం వాడి తల మీద నేర్చుకుని, అంతా పాడుచేసి, చివరికి గుండు గీసి, ఆ పేరు ఎవరికీ గుర్తులేకుండా చేశావు. జైల్లో వార్డర్లు కూడా గుండూ అనే పిలుస్తున్నారు. లైబ్రరీ పుస్తకాలకు అట్టలు కుట్టే పని ఇచ్చారట. వేళ్ల నిండా జిగురు. కొంచెం ఒళ్లు చేశాడు. ఇనప జాలీ ఇవతల నుంచి చూస్తే అలా కనిపించిందేమో, నాకు తెలియదు.

వాడు నిప్పు పెట్టలేదని నేను ఏనాడూ అనలేదు. పనిలోంచి తీసేశారన్న కోపంతో గోదాము తగలబెట్టాడు. లోపల పడుకుని ఉన్న కాపలా ఆయన కాలిపోయాడు. ఆయన ఉన్నాడని తెలియదన్నాడు. బయట గొళ్లెం వేసి ఉంది కాబట్టి తెలిసే చేశాడని కోర్టు నమ్మింది. పై కోర్టులూ అదే అన్నాయి. ఉరిశిక్ష ఖాయమయ్యాక దేశాధ్యక్షుడికి క్షమాభిక్ష అర్జీ పెట్టాం కదా, మూడేళ్లు దాటింది. అవుననీ లేదు, కాదనీ లేదు.

నేను ఇన్నాళ్లూ నోరు తెరిచి అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. రోజూ పొద్దున్నే ఆ దేశాధ్యక్షుడి గడ్డం పట్టుకుని గీసేది నువ్వు. వేసవి అయ్యేసరికి ఆయన పదవీకాలం అయిపోతుందని పేపర్లో చదివాను. ఒక్క మాట చెప్పరా. మా అక్క కొడుకని చెప్పు.

నీ అక్క

*

ఫిబ్రవరి 20

అక్కా,

నమస్కారం. మైకు సంగతి చదివి ఇక్కడ వంటవాళ్లందరికీ వినిపించాను. జుట్టు రంగు విషయంలో మాత్రం మీ కంట్రోలరుగారి పక్షం నాది. రంగులు వేసుకునేవాళ్లు లేకపోతే మా వృత్తి ఏం కావాలి?

నువ్వు అడిగింది నాకు తట్టలేదనుకున్నావా? అర్జీ వెళ్లిన రోజు నుంచీ అదే ఆలోచన. కానీ ఇక్కడి పద్ధతి నీకు తెలియదు. నేను వెళ్తాను, వంగి దండం పెడతాను, గుడ్డ కడతాను, సబ్బు నురుగు పూస్తాను. ఆయన మాట్లాడిస్తే మాట్లాడాలి, లేకపోతే లేదు. తలుపు దగ్గర యూనిఫాం వేసుకున్న అధికారి నిలబడే ఉంటాడు. ఆయన చెవులు మీ మైకు కన్నా పదును. గుండుగాడు నా మేనల్లుడని ఈ భవనంలో ఎవరికీ తెలియదు.

అందరూ అనుకున్నట్టు పెద్దాయన రాజు కాదు అక్కా. మేం ఇక్కడ ఆయనను పెద్దాయన అనే అంటాం. ఒకప్పుడు లా కాలేజీలో పాఠాలు చెప్పారట, నవ్విస్తూ మాట్లాడతారు. ఒక చలికాలంలో ఆయనకు వరండాలో ఎండలో కూర్చుని గడ్డం గీయించుకోవాలనిపించింది. కుర్చీ బయట వెయ్యమన్నారు. భద్రతా విభాగం కుదరదంది. గృహ విభాగం ఫైలు పెట్టింది. అది ఎక్కడెక్కడో తిరిగి అనుమతి వచ్చేసరికి ఎండలు ముదిరిపోయాయి. "చూశావటయ్యా, త్రివిధ దళాలూ నాకు సెల్యూట్ కొడతాయి, కుర్చీ మాత్రం కదలదు" అని నవ్వారు.

చట్టసభలో ఏడాదికోసారి ఆయన చదివే ప్రసంగం కూడా మంత్రులు రాసిచ్చిందే. "నా ప్రభుత్వం, నా ప్రభుత్వం అని చదువుతాను, అందులో ఒక్క వాక్యం నాది కాదు" అంటారు. క్షమాభిక్ష అర్జీలూ అంతే. ముందు మంత్రివర్గానికి వెళ్తాయి. వాళ్లు ఇలా చెయ్యండని సలహా రాసి పంపిస్తారు. పేరుకు సలహా గానీ, ఆయన దాన్ని కాదనడానికి లేదు.

ఆయన గదిలో కిటికీ పక్కన ఒక చిన్న బల్ల ఉంటుంది. దాని మీద కొన్ని ఫైళ్లు, వాటి మీద ఇటుకంత నిఘంటువు. ఆ బల్ల దుమ్ము ఆయనే తుడుచుకుంటారు, ఎవర్నీ ముట్టుకోనివ్వరు. పెద్దవాళ్ల చాదస్తాలు ఇలాగే ఉంటాయి. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? రాయలేదేం?

నీ తమ్ముడు

*

మార్చి 2

చిన్నోడికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కుర్చీ కథ బాగుంది, బల్ల కథ బాగుంది, మోకాలి మీద ప్రేమా బాగుంది. నేను అడిగినదానికి మాత్రం జవాబు లేదు.

సైన్యమంతా సెల్యూట్ కొట్టే మనిషికి ఒక కుర్రాణ్ని వదిలేయమనే అధికారం లేదంటే నేను నమ్మాలా? తీర్పు కాగితం మీద కింద ఎవరి పేరు ఉంటుంది? మంత్రుల పేరా, ఆయన పేరా? నోట్ల మీద బొమ్మ ఎవరిది? చెప్పలేకపోతే చెప్పలేనని రాయి. ఉద్యోగం పోతుందని భయం, క్వార్టరు పోతుందని భయం. అది రాస్తే నేను అర్థం చేసుకుంటాను. నాకు రాజ్యాంగం పాఠం చెప్పకు.

నా కిటికీ దగ్గరకు రోజూ ఎంతమంది వస్తారో నీకేం తెలుసు. బస్సు రాదని చెప్తే తిట్టుకుంటారు, సంచీ భుజాన వేసుకుని ఇంటికి పోతారు. వస్తుందో రాదో తెలియదంటే మాత్రం అక్కడే నిలబడి చచ్చిపోతారు. తాగడానికి వెళ్లరు, తినడానికి వెళ్లరు, బస్సు వచ్చి పోతుందేమోనని కళ్లు ఆర్పరు. అందుకే నేను ఎప్పుడూ ఏదో ఒకటి తేల్చి చెప్పేస్తాను. నన్ను చూస్తే మాత్రం మూడేళ్లుగా ఎవరికీ జాలి లేదు.

కిందటి వారం కిటికీ ముందుకు ఒకావిడ వచ్చి ఏదో ఊరి బస్సు అడిగింది. తల ఎత్తి చూస్తే కాపలా ఆయన భార్య. కోర్టులో చూసిన ముఖమే. ఆమె నన్ను గుర్తుపట్టి కూడా వెళ్లిపోలేదు. "మీవాడి సంగతి ఏమైంది?" అని అడిగింది. ఇంకా ఏమీ తేలలేదన్నాను. "నాకూ అంతేనమ్మా, ఇంకా ఏమీ తేలలేదు" అని బస్సెక్కి పోయింది. ఆమెను నేను ఏమని ఓదార్చను? నన్నెవరు ఓదారుస్తారు?

మోకాలు బాగానే ఉంది. దానిక్కూడా నీ దయ అక్కర్లేదు.

అక్క

*

మార్చి 18

అక్కా,

నువ్వు ఎంత తిట్టినా పడతాను గానీ, క్వార్టరు కోసం మేనల్లుణ్ని వదిలేశానన్న మాట మాత్రం మింగుడుపడటం లేదు. ఈ రెండు గదుల్లో ఒకదాంట్లో వాన కురుస్తుంది. ఇంకోదాంట్లో నేను ఉంటాను. దీనికోసం ఎవరూ ఎవర్నీ వదులుకోరు.

మొన్న సోమవారం అడుగుదామనే వెళ్లాను. నురుగు పూస్తూ "అయ్యా" అన్నాను. ఆయన కళ్లు తెరిచి, "ఏమయ్యా, కత్తి మొద్దుబారిందా?" అన్నారు. తలుపు దగ్గర అధికారి ఒక అడుగు ముందుకేశాడు. లేదయ్యా, బాగానే ఉందన్నాను. అంతే, మళ్లీ నురుగు పూయడం మొదలుపెట్టాను. ఆ రోజు ఆయన చెవి కింద చిన్న గాటు పడింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ పడలేదు. ఆయన పటిక ఆయనే తీసుకుని అద్దుకున్నారు.

తరువాత ఆయనే కబుర్లలో పడ్డారు. ఎవరో కాలేజీ పిల్లలు చూడటానికి వచ్చారట. మంత్రుల సలహా నచ్చకపోతే ఏం చేస్తారని ఒక అమ్మాయి అడిగిందట. "ఒక్కసారి తిరగ్గొట్టవచ్చమ్మా అని చెప్పాను. మళ్లీ ఆలోచించండని రాసి పంపవచ్చు. వాళ్లు ఆలోచించి మళ్లీ అదే సలహా పంపిస్తే మాత్రం నోరు మూసుకుని సంతకం పెట్టాలి. అంతకన్నా నా చేతిలో ఏం లేదు" అన్నారు. ఆ అమ్మాయి పాపం చాలా నిరుత్సాహపడిందట.

ఇది నీకు ఎందుకు రాస్తున్నానంటే, ఆయన అధికారం ఎంతో నువ్వే తూచుకుంటావని. నేను తప్పించుకోవడానికి కట్టిన కథలు కావు.

నీ తమ్ముడు

*

ఏప్రిల్ 1

చిన్నోడికి,

చూశావా, నువ్వే రాశావు! ఒక్కసారి తిరగ్గొట్టవచ్చని నీ చేత్తో నువ్వే రాశావు. మరి ఎందుకు తిరగ్గొట్టలేదు? మూడేళ్లు ఏం చేస్తున్నారు? మర్చిపోయారు, అంతే. వేల కాగితాల్లో మనవాడిది ఎక్కడో అడుగున పడిపోయింది. మా డిపోలో కూడా అంతే, పోయిన సామాను కోసం అర్జీలు పెడతారు, ఎవరో ఒకరు వచ్చి కిటికీ దగ్గర గట్టిగా అరిచేదాకా వాటిని ఎవరూ తియ్యరు. అరిచినవాడి పెట్టె మర్నాడే దొరుకుతుంది. నేను చూస్తూనే ఉంటాను.

ఈసారి గుండుగాడికి చెప్పాను, మామయ్య చేత అడిగిస్తున్నానని. వాడు సంతోషిస్తాడనుకున్నాను. "వద్దమ్మా, ఊరుకో. మనం ఎవరికీ గుర్తు రాకపోవడమే మంచిది" అన్నాడు. ఇక్కడ అట్టలు కుట్టుకుంటూ ఇలాగే ఉంటానన్నాడు. వాడికి బతుకు మీద ఆశ చచ్చిపోయింది, నాకు ఏడుపొచ్చింది. జాలీ అవతల ఉన్నవాడికి ధైర్యం ఇవతల ఉన్నవాళ్లే చెప్పాలి.

పేపరు చూశావా? రాబోయే అధ్యక్షుడు తనేనంటున్న ఆయన, గద్దెనెక్కిన వారంలోనే పెండింగు క్షమాభిక్షలన్నీ తేల్చేస్తానన్నాడు. ఎలా తేలుస్తాడో అతని ముఖం చూస్తే తెలుస్తోంది. మీ పెద్దాయన మంచివాడని నువ్వే అంటున్నావు. ఆ మంచివాడు ఉన్నప్పుడే అడగాలి. అడుగు. అడిగి, ఏం చెప్పారో రాయి. అడగకుండా ఇంకో ఉత్తరం మాత్రం రాయకు. అది విప్పను.

అక్క

*

ఏప్రిల్ 15

అక్కా,

అడిగాను. ఇది విప్పి చదువు.

నిన్న సగం గడ్డం అయ్యాక కత్తి పక్కన పెట్టేశాను. కత్తి చేతిలో ఉండగా ఆ మాట అడగకూడదనిపించింది. "అయ్యా, నేను ఇన్నేళ్లుగా మిమ్మల్ని ఏమీ అడగలేదు" అన్నాను. ఆయన అద్దంలోంచి చూస్తూ ఉన్నారు. తలుపు దగ్గర అధికారి వద్దని చెయ్యి ఊపాడు. నేను ఆగలేదు. గోదాము కేసులో ఉరిశిక్ష పడ్డ కుర్రాడు మా అక్క కొడుకని చెప్పాను. నా చేతుల మీద పెరిగాడని, వాడు మళ్లీ ఇంటికి రావాలని అడగటం లేదని, ప్రాణంతో ఆ జైల్లోనే ఉండనివ్వండి చాలని చెప్పాను. మా అక్క బస్సు డిపోలో అందరికీ జవాబులు చెబుతూ తనకు జవాబు లేక నలిగిపోతోందని కూడా చెప్పేశాను. ఎలా మాట్లాడానో నాకే తెలియదు.

ఆయన సగం ముఖానికి నురుగు ఆరిపోతూ ఉంది. "నువ్వు అతని మేనమామవా" అన్నారు. అవునయ్యా అన్నాను. ఆ అధికారి కేసి ఒకసారి చూసి, మళ్లీ నాకేసి చూసి, "ఎందుకు చెప్పావయ్యా" అన్నారు. కోపంగా అనలేదక్కా, ఏదో పోగొట్టుకున్నవాడిలా అన్నారు. లేచి ముఖం ఆయనే కడుక్కున్నారు. కిటికీ దగ్గరకు వెళ్లి, ఆ నిఘంటువు రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టి, కింద నుంచి ఒక ఫైలు తీశారు. మనవాడిదే! అంటే మర్చిపోలేదు, కళ్ల ఎదుటే పెట్టుకున్నారు.

ఈ పొద్దున వెళ్లేసరికి గడ్డం మిగిలిన సగం కూడా గీయించుకోకుండా అలాగే ఉన్నారు. ఫైలు తిరిగి పంపేశారని భవనమంతా అనుకుంటున్నారు. మళ్లీ ఆలోచించండని స్వయంగా రాశారట, పేజీ నిండా, సొంత దస్తూరీతో. ఎవరి చేతా టైపు చేయించలేదట. నువ్వే గెలిచావక్కా. నిన్ను ఇన్ని నెలలు ఏడిపించినందుకు చెంపలు వేసుకుంటున్నాను.

నీ తమ్ముడు

*

ఏప్రిల్ 22

నా చిన్నోడికి,

నీ ఉత్తరం డిపోలోనే విప్పాను. తరువాత బస్సుల పేర్లు చదువుతుంటే నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కంట్రోలరు చీటీ పంపించాడు, "ఒంట్లో బాగుందా?" అని. బాగుందని చీటీ రాసి పంపాను. తరువాత తనే వచ్చి మాట్లాడాడు.

నిన్ను ఎన్ని మాటలన్నాను! అవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. మోకాలి విషయంలో అన్నది కూడా. నిజం చెప్తే నొప్పి చాలానే ఉంది.

గుండుగాడికి నీలం చొక్కా కొన్నాను. లోపలికి ఇవ్వనివ్వరని తెలుసు. ఉరి రద్దయి మామూలు ఖైదీ అయితే పండక్కో పబ్బానికో ఇవ్వనిస్తారని ఒక వార్డరు చెప్పాడు. అందుకని కొని పెట్టాను. వాడికి సంగతంతా చెప్పాను. వాడు ఒక్కటే అడిగాడు, "ఫైలు కదిలిందా?" అని. అవునురా, పెద్దాయన స్వయంగా రాశాడన్నాను. సరేనమ్మా అన్నాడు. తరువాత పుస్తకాలకు జిగురు ఎలా ఉడకబెడతారో చెప్పుకుంటూ కూర్చున్నాడు. ఇన్నేళ్ల తరువాత మంచి కబురు వస్తే నమ్మబుద్ధి కాదు, అంతే.

వాళ్లు ఎప్పటికి జవాబు పంపిస్తారు? తెలియగానే రాయి.

నీ అక్క

*

మే 20

అక్కా,

ఎలా రాయాలో తెలియక రెండు రోజులు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. నువ్వైతే ముందు అసలు సంగతి చెప్పమంటావు. చెప్తున్నాను. మంత్రివర్గం మళ్లీ కుదరదని రాసింది. పెద్దాయన సంతకం పెట్టారు. జైలు నుంచి నీకు కాగితం వస్తుంది. అది వచ్చేలోపే నా దగ్గర నుంచి తెలియాలని రాస్తున్నాను.

మిగిలింది కూడా రాయాలి. రాయకపోతే నేను బతకలేను.

సంతకం పెట్టిన రోజు పొద్దున్న ఆయన తలుపు దగ్గర అధికారిని బయటికి వెళ్లమన్నారు. నన్ను కూర్చోమన్నారు. ఆ గదిలో నేను కూర్చోవడం అదే మొదటిసారి. ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"మంత్రివర్గం మూడేళ్ల కిందటే కుదరదని రాసింది. ఆ సలహా మీద నేను సంతకం పెట్టి తీరాలి. కానీ ఎప్పటిలోగా పెట్టాలో చట్టంలో లేదు. రాసినవాళ్లు మర్చిపోయారో, కావాలనే వదిలేశారో గానీ, నాకున్న అధికారమంతా ఆ లేని మాటలోనే ఉంది. అందుకే ఆ బల్ల వేసుకున్నాను. దాని మీద పెట్టినవాళ్లు బతికే ఉంటారు."

అది మరిచిపోయిన ఫైలు కాదక్కా. దాచిన ఫైలు.

మరి ఎందుకు తీశారయ్యా అన్నాను. "అది ఎవరిదో నాకు తెలియనంతవరకూ ఒక మనిషి ప్రాణం. నువ్వు చెప్పాక, నాకు గడ్డం గీసేవాడి మేనల్లుడి ప్రాణం. ఆ అధికారి విన్నాడు, పై అధికారికి చెప్తాడని, మర్నాటికి మంత్రులకు తెలుస్తుందని అప్పుడే అర్థమైంది. ఇంటి మనిషి కోసం ఫైలు తొక్కిపెట్టాడన్నారంటే, ఆ బల్ల మీద ఇంకా నలుగురున్నారు, వాళ్ల ఫైళ్లు కూడా లాగేస్తారు. ఒకసారి తిరగ్గొట్టడమే నాకు మిగిలింది. చెయ్యగలిగినంత బాగా రాశాను. ఎలా రాసినా అదే తిరిగొస్తుందని తెలుసు."

కొత్తగా వచ్చే ఆయన వారంలో తేల్చేస్తానంటే భయపడ్డామని చెప్పాను. "ఎన్నికల ముందు నేనూ అదే అన్నానయ్యా. కుర్చీలో కూర్చున్నాక బల్ల అవసరం అందరికీ తెలుస్తుంది. అతనికీ తెలిసేది" అన్నారు. లేచి వచ్చి నా భుజం పట్టుకున్నారు. "రేపటి నుంచి వస్తావో మానేస్తావో నీ ఇష్టం. నేను రమ్మనను, వద్దనను" అన్నారు.

ఆ రోజు ఆయనకు గడ్డం గీయలేకపోయాను. కత్తి తుడిచి పెట్టెలో పెట్టుకుని వచ్చేశాను.

నన్ను ఏమన్నా అను అక్కా. ఒక్క కోరిక. వాడి జుట్టు ఒక్కసారి నన్ను కత్తిరించనివ్వమని జైలు వాళ్లను అడుగుతాను. నిన్ను కూడా చూడాలని ఉంది. రానా?

నీ తమ్ముడు

*

మే 27

కాగితం వచ్చింది. నీ ఉత్తరం తరువాతే వచ్చింది.

రావద్దు. నిన్ను చూస్తే ఏమంటానో నాకే తెలియదు. నోరు తెరిచి నిన్ను అడగమన్నది నేనే. ఆ మాట నాకు తెలుసు. తెలిసినా, నీ ముఖం చూడగానే నీ మీదకే పోతాను. వాడు వద్దన్నాడు. వద్దమ్మా ఊరుకో అన్నాడు. నేనే వాడికి ధైర్యం చెప్పాను!

నువ్వు ఆదివారం వెళ్లు. నేను బుధవారం వెళ్తాను. జైలు గేటు దగ్గర మనం ఎదురుపడకూడదు.

అక్క

*

జూన్ 8

అక్కా,

నువ్వు చెప్పినట్టే ఆదివారం వెళ్లాను. గేటు దగ్గర నీకోసం చూడలేదని అబద్ధం చెప్పను.

కత్తెర లోపలికి తెస్తే ఒప్పుకోరని తెలిసి ఉత్త చేతులతోనే సూపరింటెండెంటు గదికి వెళ్లాను. దండం పెట్టి అడిగాను. ఇలాంటిదానికి అర్జీ పెట్టాలా, ఎవరికి పెట్టాలి, ఎన్నాళ్లు పడుతుందని అడిగాను. ఆయన తింటున్న రొట్టె పక్కన పెట్టి, "జుట్టు కత్తిరించడానికి ఎవర్నడగాలయ్యా, నేను లేనూ?" అన్నాడు. జైలు కత్తెర తెప్పించాడు. ఒరేయ్, ఎండలో ఒక కుర్చీ వెయ్యండ్రా అన్నాడు. వేశారు. అంతేనక్కా. ఒక్క కాగితం లేదు. నేను ఆ కుర్చీ చూసి ఏడ్చేశాను.

గుండుగాడు వచ్చి కూర్చుని, "మామయ్యా, గుండు చేసెయ్, పేరు నిలబడుతుంది" అన్నాడు. లేదురా, ఈసారి సరిగ్గా చేస్తానన్నాను. తల చుట్టూ తిరుగుతూ చేశాను. నెత్తి మీద సుడి అలాగే ఉంది. చెవి వెనక చిన్నప్పుడు నేను చేసిన గాటు మచ్చ కూడా ఉంది. వాడి జుట్టులో అక్కడక్కడ తెల్లవెంట్రుకలు వచ్చాయి. నేను చెప్పలేదు, అక్కడ అద్దం లేదు.

క్షమించమని అడిగాను. నా చెయ్యి ఆగిపోతే, "కానీ మామయ్యా, సగం తలతో పంపించకు" అన్నాడు. కాసేపయ్యాక నీ గురించి మాట్లాడాడు. "అమ్మ జీవితమంతా కిటికీలో కూర్చుని అందరికీ జవాబు చెప్పింది. తనకు ఒక్క జవాబు కావాలని అడిగితే తప్పేముంది? నేను వద్దన్నది నాకోసం. అమ్మ తట్టుకోలేకపోతోందని నాకు అప్పుడే తెలుసు. తనను ఎవర్నీ ఏమీ అననివ్వకు, తనను తను కూడా అనుకోనివ్వకు" అన్నాడు. ఇది నీకు రాయమనలేదు. రాయకుండా ఉండలేకపోయాను.

పెద్దాయన దగ్గరకు వెళ్లడం మానలేదు. మానేద్దామని ఒక పొద్దున్న మంచం మీదే ఉండిపోయాను. ఆయన గీయించుకోకుండా ఆ గడ్డంతోనే ఎవరో రాయబారిని కలిశారట. మర్నాడు వెళ్లాను. మేమిద్దరం ఏమీ మాట్లాడుకోం. నిఘంటువు మళ్లీ ఆ ఫైళ్ల మీదే ఉంది. దుమ్ము ఆయనే తుడుస్తున్నారు.

నీ తమ్ముడు

*

జూన్ 25

చిన్నోడా,

అయిపోయింది. నీకూ తెలిసే ఉంటుంది.

చివరిసారి జాలీ లేకుండా కలవనిచ్చారు. ఏం మాట్లాడాలో ఇంటి దగ్గరే అనుకుని వెళ్లాను, ఒక్కటీ గుర్తు రాలేదు. వాడి తల మీద చెయ్యి వేసి కూర్చున్నాను. వెనక వైపు కొంచెం ఎక్కువ తీసేశావు. ఎప్పుడూ అంతే నువ్వు. వాడితో అంటే నవ్వాడు. "మామయ్యకు చెప్పకమ్మా, చాలా జాగ్రత్తగా చేశాడు" అన్నాడు. నవ్వు అలాగే ఉందిరా వాడికి, చిన్నప్పుడు ఉన్నట్టే.

నీలం చొక్కా ఇవ్వనిచ్చారు. ఎవర్నీ అడగలేదు, ఆ సూపరింటెండెంటే సరేనన్నాడు.

నీ మీద కోపం ఉంది. పోతుందో లేదో చెప్పలేను. నా మీద కూడా ఉంది, అది మాత్రం పోదు. మీ పెద్దాయన మీద ఉందో లేదో ఆలోచిస్తే తల పోటు వస్తోంది. ఆయన దిగిపోతున్నాడని పేపర్లో ఉంది. ఆ బల్ల సంగతి కొత్తాయనకు చెప్పి వెళ్తాడా? ఆ నలుగురి తల్లులు ఏ ఊళ్లో ఉన్నారో నాకు తెలియదు. తెలిస్తే ఎవర్నీ ఏమీ అడగొద్దని చెప్పివచ్చేదాన్ని.

నిన్న పనిలోకి వెళ్లాను. ఇంట్లో కూర్చోలేకపోయాను. మధ్యాహ్నం కాపలా ఆయన భార్య వచ్చింది. తేలిపోయిందని ఆమెకూ తెలుసు. కిటికీ కడ్డీ పట్టుకుని నిలబడింది. మనశ్శాంతి ఉంటుందనుకున్నానమ్మా అంది. లోపలికి రమ్మని నా స్టూలు మీద కూర్చోబెట్టి టీ తెప్పించాను. ఇద్దరం తాగాం.

ఆమె వెళ్లాక ఒక ముసలాయన వచ్చాడు. చేతిలో సంచీ, సంచీలో పసిపిల్ల గౌను. మనవరాల్ని చూడటానికి వెళ్తున్నాడట. సాయంత్రం బస్సు ఉందా అమ్మా అని అడిగాడు. ఆ బస్సు రద్దయింది. నా ముందున్న కాగితం మీద రాసే ఉంది. మైకు దగ్గరకు లాక్కుని, మళ్లీ వదిలేశాను.

"ఇంకా కబురు రాలేదు తాతా, కూర్చోండి" అన్నాను.

ఆయన సంతోషంగా వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు. గౌను తీసి, మడత చూసుకుని, మళ్లీ సంచీలో పెట్టుకున్నాడు. నా డ్యూటీ అయ్యేదాకా ఆయన్ని చూస్తూ ఉన్నాను.

నువ్వు వస్తానంటే వద్దనను.

నీ అక్క